పొయ్యి చల్లారే పన్నెండు రోజులు

జనవరి మూడున మేస్త్రీ రాడోవన్ వస్తాడు.
మా పొయ్యి కడుపులో కాలి పగిలిన ఇటుకలు పెరికి
కొత్తవి పేర్చడానికి పన్నెండు రోజులు కావాలన్నాడు.
ముప్పయ్యొక్క ఏళ్ళలో
ఒపావా ఊరికి నేను రొట్టె బాకీ పడటం
ఇదే మొదటిసారి.

అతను మెట్లు దిగకముందే
జ్దిస్లావా వంటబల్ల మీద పటం పరిచింది.
అంచులు చుట్టుకుపోకుండా
ఉప్పుడబ్బా, కత్తెర, నా కళ్ళజోడు,
సగం కొరికిన ఆపిల్.

క్రాకోవ్, వ్రోత్స్వావ్, ప్రాగ్, వియన్నా.
కొత్త సంవత్సరానికి డబ్బు కలిసిరావాలని వండుకునే
మసూరు గింజల్లోంచి నాలుగు తీసి
ఒక్కో ఊరి మీద ఒకటి పెట్టింది.
"చలికాలం పగలు ఎనిమిది గంటలే," అంది,
"నాలుగింటికల్లా పొద్దు గుంకుతుంది.
వెలుగును చూసి చూసి ఖర్చుపెట్టాలి."
గల్లాపెట్టె దగ్గర బతికిన మనిషి,
చిల్లర లెక్క ఆమెకు చెప్పక్కర్లేదు.

తొమ్మిదికి కోట. పదకొండుకి మ్యూజియం.
ఒంటిగంటకి సూప్, "వేడిగా" అని కింద రెండు గీతలు.
రెండింటికి చర్చి గోపురం, మూడువందల నలభై మూడు మెట్లు,
పక్కనే చిన్న అక్షరాల్లో: మోకాలు?

నేను తలూపుతూనే ఉన్నాను.
సాయంత్రం ఏడు కొడితే నా రెప్పలు
దుకాణం షట్టరులా వాటంతటవే దిగిపోతాయి.
రాత్రి రెండింటికి ఎవరూ లేపకుండానే లేస్తాను.
పెళ్ళయిన రాత్రీ లేచాను.
నాన్నను మట్టిచేసి వచ్చిన రాత్రీ లేచాను,
పొంగే పిండికి మైల తెలీదు కదా.
మరి ఆ హోటల్ గదుల్లో, ఆ చీకట్లో
ఏం చెయ్యను, దిండును పిసకనా?

అందుకే పిండిమిల్లు బిల్లు వెనక
నా ప్రయాణం నేను రాసుకున్నాను.

క్రాకోవ్‌లో గంటగంటకూ, అర్ధరాత్రి దాటినా సరే,
గోపురం మీంచి ఒకడు బూర ఊదుతాడు,
పాట మధ్యలో పుటుక్కున తెంపేస్తాడు.
మూడు గంటల బూర ఎవరి కోసం?
కింద నిలబడి ఒకసారి చెయ్యి ఊపాలి.

వ్రోత్స్వావ్‌లో, ఏటి ఒడ్డు పాత పేటలో,
గ్యాసు దీపాలను చేత్తో వెలిగించే మనిషి ఉన్నాడట.
ఆర్పడానికి ఎన్నింటికి వస్తాడో కనుక్కోవాలి.

ప్రాగ్ గడియారంలో అపొస్తలులు
రాత్రి పదకొండు దాటితే కిటికీలోకి రారు.
మంచిదే, వాళ్ళకూ షిఫ్టు ఉంది.
ఆ వేళకు ఏదో సందులో ఒక్క అద్దానికి ఆవిరి పట్టి ఉంటుంది,
లోపల ఎవడో బనీను మీద నిలబడి ట్రేలు లాగుతుంటాడు.
తలుపు తట్టను. వాసన చూసి వెళ్ళిపోతాను.

వియన్నాలో పెద్ద చర్చి గోడ మీద ఒక గుండ్రటి గీత ఉంది.
రొట్టె దానికి సరిపోవాలట.
తూకంలో మోసం చేసిన రొట్టెవాణ్ణి
ఆ రోజుల్లో బోనులో పెట్టి నదిలో ముంచేవారట.
ఆ గీత మీద చెయ్యి పెట్టి చూడాలి,
పట్టపగలు మాత్రం కాదు.
పిండి ధర మండిపోయిన ఓ ఫిబ్రవరిలో
రొట్టెకు ముప్పై గ్రాములు కోసేశాను నేను.
ఊరికి తెలీదు.
తక్కెడ దగ్గర నిలబడ్డ జ్దిస్లావాకు తెలుసు.
ఆ నెలంతా
నా ముఖం చూడకుండా కాగితం సంచులు మడిచింది.

ఇవాళ చూస్తే
నా బిల్లు ఆమె నోటుపుస్తకంలో గుండుసూదితో గుచ్చి ఉంది.
కింద ఆమె చేతిరాత:
"మూడింటికి, ఇద్దరం.
ఉన్ని మేజోళ్ళు ఆరు జతలు.
వియన్నాకు మన రొట్టె ఒకటి పట్టుకెళ్దాం,
ఆరిపోయినా పర్లేదు."

ఏమైనా అందామని తలెత్తాను.
ఆమె బల్ల కింద వంగి ఉంది,
ప్రాగ్ మీది గింజ ఎటో దొర్లిపోయిందట.
ఇద్దరం వెతికాం, దొరకలేదు.
పొయ్యిలో ఇంకా ఐదు రోజుల నిప్పు ఉంది.
ఏడయింది. రెప్పలు దిగుతున్నాయి.